రెండు తలల వైరు

ఆ వైరుకు రెండు తలలు. ఈ చివరా మూడు పిన్నుల ప్లగ్గే, ఆ చివరా మూడు పిన్నుల ప్లగ్గే. ఏ దుకాణంలోనూ అలాంటి వైరు అమ్మరు. అమ్మడం లేదంటే దానికేదో కారణం ఉండే ఉంటుందని మామూలు మనిషి అనుకుంటాడు. ఇంజనీరు మామూలు మనిషి కాడు. ఇంత చిన్న ఉపాయం ఇంతవరకు ఎవరికీ తట్టలేదే అని లోకం మీద జాలిపడి, ఒక సెలవు రోజంతా పెరట్లో గొంతుక్కూర్చుని ఆ వైరును తన చేత్తో తానే తయారుచేసుకున్నాడు.

ఇంజనీరంటే చదువుకున్న ఇంజనీరేమీ కాదు. టైల్స్ దుకాణంలో కౌంటరు దగ్గర నిలబడి, బాత్రూములోకి గరుకు పలకలు మంచివా నున్నటివి మంచివా అని అడిగినవాళ్ళకు నున్నటివి అంటగట్టడం అతని ఉద్యోగం. వీధిలోవాళ్ళు ఎగతాళికి పెట్టిన పేరది. అందులో ఎగతాళిని వదిలేసి పేరు మాత్రం తీసుకున్నాడు. అతను బాగుచేసిన మిక్సీ తిరిగేది, కాకపోతే మూత మీద చెయ్యి వేస్తే జిల్లుమనేది. అతను బిగించిన పంపు నుంచి నీళ్ళు బాగా వచ్చేవి, కట్టేసినా వచ్చేవి. ఎవరైనా ఆ మాట అంటే, వాడడం చేతకాక వస్తువును నిందిస్తున్నారని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఎదుటివాళ్ళకు ఒళ్ళు మండేది.

అతని భార్యను అందరూ టైలరక్క అనేవారు. వీధి వైపు వరండాలో ఆమె కుట్టుమిషను, దాని పక్కన ఇస్త్రీ బల్ల, బల్ల కింద బడిపిల్లల యూనిఫారాల గుట్ట. మిషనుకు మోటారు పెట్టించుకున్నాక మోకాళ్ళ నొప్పులు తగ్గాయి గానీ, కరెంటు పోతే పని ఆగిపోయేది. బళ్ళు తెరిచే రోజులు దగ్గరపడ్డాయంటే ఆమెకు తల తిప్పుకోవడానికి కూడా తీరిక ఉండేది కాదు. మొగుడి ఇంజనీరింగు గురించి ఆమెకు తెలియనిదేమీ లేదు. అయినా పైకి ఒక్క మాట అనేది కాదు. టైలరక్క నోరు మంచిదని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు, ఆ సంగతి అందరికీ తెలుసన్న సంగతి ఆమెకూ తెలుసు. ఆ పేరంటే ఆమెకు కొంచెం మురిపెం.

ఆ మంచి నోటికి ఇంట్లో ఒక ఉద్యోగం కూడా ఉంది. ఆమె తమ్ముడు లైన్‌మన్. ఆమె చంకెక్కి పెరిగినవాడు, ఇప్పుడు స్తంభాలెక్కుతున్నాడు. వాడికీ బావకీ మాటల్లేవు. ఇంజనీరు ఒకసారి గుమ్మానికి కాలింగ్ బెల్లు బిగించాడు. బంధువులంతా భోజనానికి వచ్చిన రోజున తమ్ముడు ఆ బెల్లు నొక్కాడు. బెల్లు మోగలేదు, బాత్రూములో లైటు ఆరిపోయింది. లోపల ఒంటినిండా సబ్బుతో ఉన్న పెద్దమ్మ కెవ్వుమంది. “బావా, నీ ఇంట్లో బెల్లు కొడితే మనుషులే మోగుతారన్నమాట!” అన్నాడు తమ్ముడు. బావను ఆటపట్టించడం బామ్మర్ది హక్కు, ఎవరూ తప్పనరు. కాని ఆ రోజు నవ్వినవాళ్ళు మరీ ఎక్కువైపోయారు. ఇంజనీరు ముఖం మాడ్చుకుని, “స్తంభాలెక్కే కోతికి ఇంటి వైరింగు ఏం తెలుస్తుంది?” అన్నాడు. తమ్ముడు కంచం ముందు నుంచి లేచిపోయాడు.

అంతే, అప్పట్నుంచి ఇద్దరూ ఎడమొహం పెడమొహం. తమ్ముడు వస్తే గేటు దగ్గరే నిలబడతాడు, లోపలికి అడుగు పెట్టడు. బావ ఆ గొంతు వినబడగానే పెరట్లోకి వెళ్ళిపోతాడు. ఏదైనా చెప్పాల్సి వస్తే “మీ ఆయనకి చెప్పక్కా” అని వాడు, “మీ తమ్ముడికి చెప్పు” అని ఈయన. ఎదిగిన మగాళ్ళిద్దరి మాటలు మోసుకుంటూ ఆమె గేటుకీ పెరడుకీ మధ్య తిరిగేది. ఉన్నది ఉన్నట్టు మోస్తే ఇల్లు తగలబడిపోతుందని, దారిలో ఆ మాటకు పోగులు కత్తిరించి, అంచు మడిచి కుట్టి అవతలివాడికి అందించేది. “ఆ మొద్దు మొహానికి చెప్పు” అని గేటు దగ్గర బయల్దేరిన మాట పెరట్లోకి చేరేసరికి “మిమ్మల్ని అడిగాడండీ” అయ్యేది. “ఆ కోతిని నా గుమ్మం తొక్కొద్దను” అని పెరట్లో పుట్టింది గేటు చేరేసరికి “మళ్ళీ తీరిగ్గా రమ్మన్నార్రా” అయ్యేది. ఇద్దరిలో ఒక్కడికీ అనుమానం రాలేదు. ఎదుటివాడు తనంటే భయపడి దారికొస్తున్నాడని ఎవడికి వాడు మీసం మెలేసేవాడు.

కరెంటు పోయినప్పుడు వాడుకోవడానికి ఎవరో పెళ్ళిపందిళ్ళ లైట్లవాడి దగ్గర పాత జనరేటర్ ఒకటి దొరికింది. దాన్ని ఇంటి వైరింగుకు కలపడానికి చేంజోవర్ స్విచ్ అని ఒకటి ఉంటుందని, తమ్ముణ్ణి పిలిస్తే బిగించి పెడతాడని ఆమె అంది.

“నా ఇంట్లో వాడు స్విచ్ బిగించడమేమిటి? ఆ డబ్బా నాకేం అక్కర్లేదు. ఇదుగో వైరు. ఈ తల జనరేటర్లో పెడతాను, ఆ తల గ్రైండర్ సాకెట్లో పెడతాను. సాకెట్లోంచి కరెంటు బయటికి రాగా లేనిది, లోపలికి పోదా?” అన్నాడు ఇంజనీరు.

పోతుంది. దురదృష్టమల్లా పోవడమే. ఒక చివర జనరేటర్లో ఉండగా రెండో చివర సాకెట్లోంచి ఊడితే, చేతిలో మిగిలేది కరెంటు ఉన్న మూడు ఇత్తడి పిన్నులని అతనికి తెలియక కాదు. అందుకే ఆ ప్లగ్గుకు ఎర్ర గుడ్డపీలిక ఒకటి కట్టి, జాగ్రత్త అంటే అదేనని తృప్తిపడ్డాడు. ఆ పీలిక కూడా ఆమె ముక్కల బుట్టలోంచి తీసిందే.

గాలివాన వచ్చిన మర్నాడు దానికి ముహూర్తం కుదిరింది. వీధి చివర కొమ్మ విరిగి తీగల మీద పడి, చివరి స్తంభానికీ దాని ముందు స్తంభానికీ మధ్య తీగలు తెగి నేలకు వేలాడుతున్నాయి. ఆ చివరి స్తంభం నుంచి కరెంటు వెళ్ళేది టైలరక్క ఇంటికీ పక్కింటికీ మాత్రమే. దుకాణంలోకి నీళ్ళు వచ్చాయని ఇంజనీరుకు సెలవిచ్చారు. జనరేటర్ తడుస్తుందని ముందు వంటింట్లో పెట్టబోయాడు. ఆ పొగకు అందరం పోతామని ఆమె గోల చేస్తే పెరట్లో రేకు కింద పెట్టి, అలా పెట్టాలని తనకు ముందే తెలుసునన్నాడు. తాడు లాగి లాగి భుజం పట్టేశాక అది దగ్గి, తుమ్మి, చివరికి ఇల్లదిరేలా మోత అందుకుంది. వంటింటి కిటికీలోంచి వైరు లోపలికి వచ్చింది. ఫ్యాన్లు తిరిగాయి. ఇంజనీరు చేతులు వెనక్కి కట్టుకుని గది గదికీ తిరిగి లైట్లు చూసుకున్నాడు.

మోటారు ఆడింది కదా అని ఆమె కూడా సంతోషించింది. ఆ సంగతి దాచడం ఎందుకు?

కాసేపటికి గేటు చప్పుడైంది. తమ్ముడు, వాడి వెనక నిచ్చెన మోసుకుంటూ తోటి లైన్‌మన్. మోత వినగానే తమ్ముడి కనుబొమలు ముడిపడ్డాయి.

“అక్కా, అదేంటి, జనరేటరా? చేంజోవర్ లేకుండానేనా?”

“ఏదో వైరు పెట్టార్రా.”

“ఏదో వైరంటే?” ఆమె చెప్పింది. వాడు నెత్తి కొట్టుకున్నాడు. “ఇదిగో అక్కా, సరిగ్గా విను. మెయిన్ స్విచ్ దించకుండా అలా పెడితే ఆ కరెంటు మీ ఇంట్లోనే ఉండదు. మీటర్లోంచి వెనక్కి ఎక్కి లైన్లోకి వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మేం ఆపించినా లాభం లేదు. స్తంభం మీద తీగ పట్టుకున్నవాడు అక్కడే మాడిపోతాడు. ఇప్పుడు ఎక్కేది నేనే. ఆ బుర్రలేని మనిషికి చెప్పు, ముందు మెయిన్ దించమను, లేకపోతే నన్ను చంపినవాడవుతాడని చెప్పు. ఇలాగే చెప్పు.”

“ఇలాగే చెప్తాలేరా” అంది ఆమె.

ముందు గది దాటింది. బుర్రలేని మనిషి అన్న ముక్క అక్కడ రాలిపోయింది. మధ్య గదిలో, చంపినవాడవుతావు అని కట్టుకున్నవాడితో ఎలా అంటామని ఆ ముక్కా తీసేసింది. వంటింట్లో ఆ ఎర్ర పీలిక చూసి, పాపం ఎంత కష్టపడి చేసుకున్నాడో, ఎలాగూ దించకపోతాడా అనుకుంది. పెరట్లోకి వెళ్ళి, మోతలో వినబడేలా చెవి దగ్గర నోరు పెట్టి, “ఏమండీ, తమ్ముడు స్తంభం దగ్గర పని చేస్తున్నాడట. మీకు ఇబ్బంది లేకపోతే మెయిన్ కాస్త దించితే మంచిదన్నాడు” అంది.

“నా ఇంటి మెయిన్ సంగతి వాడు చెప్పాలా?” ఇంజనీరు లేవనైనా లేవలేదు. “మెయిన్ దించితే మళ్ళీ కరెంటు వచ్చినప్పుడు తెలియొద్దూ? కరెంటొస్తే దీని మోత మారుతుంది. నా చెవి ఇట్టే పట్టేస్తుంది. వాణ్ణి స్తంభం మీద కాకుల్ని తోలుకోమను.”

ఆమె మళ్ళీ మూడు గదులూ దాటింది. కాకులు దారిలోనే ఎగిరిపోయాయి.

“ఆయన చూసుకుంటారట్రా. నువ్వు పని కానియ్యి” అంది గేటు దగ్గర.

తమ్ముడు ‘చూశావా, దారికొచ్చాడు’ అన్నట్టు తోటివాడి వైపు ఒక చూపు చూసి, నిచ్చెన పట్టించుకుని వెళ్ళాడు. వాడూ తక్కువ తిన్నవాడేం కాదు. చేతులకు చెమట పడుతుందని రబ్బరు తొడుగులు బండిలోనే వదిలేసే రకం. ముట్టుకునే ముందు తీగలన్నిటినీ కలిపి, వాటిలో కరెంటుంటే భూమిలోకి పోయేలా తగిలించమని ఇచ్చిన గొలుసుతో ఆ బండి వెనక తలుపు కట్టేసి ఉంటుంది. బావ మూర్ఖుడని ఊరంతా చాటే మనిషి, ఆ మూర్ఖుడి మాట మీద ప్రాణం పెట్టి నిచ్చెనెక్కాడు. అక్క చెప్పింది కదా మరి.

ఆమె మిషను ముందు కూర్చుని చొక్కా కాలరు తిప్పుతుండగా గోడ మీంచి పక్కింటి పిన్నిగారి తల పైకొచ్చింది.

“అమ్మాయ్, కరెంటొచ్చేసిందే! మీ తమ్ముడి హస్తవాసే హస్తవాసి. ఇంకా తీగ ముట్టుకోకుండానే మా ఫ్యాను తిరిగేస్తోంది. కాస్త నీరసంగా తిరుగుతోందనుకో.”

“అలాగా పిన్నిగారూ, మంచిది” అంది ఆమె అలవాటుగా. నోటికి మంచి మాట ముందొచ్చాక గాని బుర్రకు అర్థం రాలేదు. తల తిప్పి చూసింది. తెగిన తీగలు ఇంకా నేల మీదే ఉన్నాయి. ఎక్కణ్ణించి వచ్చింది కరెంటు? పెరట్లో జనరేటర్ పొద్దుటి కంటే బరువుగా మూలుగుతోంది. తమ్ముడన్న మాట, ఆమె గదికొక ముక్క చొప్పున పారేసిన మాట, మొత్తంగా ఒక్కసారి చెవిలో పడింది. స్తంభం వైపు చూసింది. వాడు నిచ్చెన పైమెట్టు మీద ఉన్నాడు. ఒక చెయ్యి స్తంభం చుట్టూ ఉంది, రెండో చెయ్యి తీగ వైపు సాగుతోంది.

“ఒరేయ్ బుద్ధిలేని సన్నాసీ! చెయ్యి తియ్యరా! ముట్టుకుంటే చస్తావు! ఆ దద్దమ్మ మెయిన్ దించలేదురా!”

ఆ కేక వీధి ఆ చివరికీ వినబడింది. అక్క నోట అలాంటి మాట తమ్ముడు పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఆ ఆశ్చర్యానికే వాడి చెయ్యి గాల్లో ఆగిపోయింది. తియ్యగా పిలిచి ఉంటే ‘ఒక్క నిమిషం అక్కా’ అని పని కానిచ్చేవాడే. ఆమె స్టూలు తన్నుకుంటూ వెళ్ళి, వరండా గోడనున్న మెయిన్ మీటను రెండు చేతులతో కిందికి లాగింది.

“అయ్యో, మళ్ళీ పోయిందే!” అంది పిన్నిగారు గోడ అవతల.

తమ్ముడు ఆ గొంతు విన్నాడు. పక్కింటి వైపు చూశాడు, చేతిముందున్న తీగ వైపు చూశాడు. మెల్లగా ఒక్కొక్క మెట్టే దిగి స్తంభం మొదట్లో బురదలోనే కూలబడ్డాడు. తోటి లైన్‌మన్ బండి దగ్గరికి వెళ్ళి తలుపుకు కట్టిన గొలుసు విప్పడం మొదలుపెట్టాడు.

అప్పుడొచ్చాడు ఇంజనీరు, వెలిగిపోతున్న మొహంతో.

“విన్నావా? మోత తేలికైంది! కరెంటొచ్చేసింది! నా చెవి పట్టేస్తుందని చెప్పానా లేదా?”

ఆమెకు ఆ మొహం చూస్తే అసహ్యం వేసింది. ఇన్నేళ్ళలో కోపం వచ్చింది, విసుగు వచ్చింది, నవ్వు వచ్చింది గాని అసహ్యం రావడం అదే మొదలు. పెరట్లోకి వెళ్ళి జనరేటర్ ఆపింది. రెండు చివరలా ప్లగ్గులు పీకింది. వైరు వరండాలోకి ఈడ్చుకొచ్చి, గుడ్డలు కత్తిరించే కత్తెరతో ఒక తల తెగ్గొట్టింది. ఆ కత్తెరతో ఎవరినీ కాగితం కూడా కత్తిరించనివ్వని మనిషి. పదును పోయింది. పోతే పోయింది.

తమ్ముణ్ణి గేటు లోపలికి పిలిచింది. వాడు తటపటాయిస్తే రెక్క పట్టి లాక్కొచ్చింది.

“వాడు చెప్పమన్నది ఇది” అంది మొగుడితో. “బుర్రలేని మనిషికి చెప్పు, మెయిన్ దించకపోతే నన్ను చంపినవాడవుతాడని. నేను మీకు అలా చెప్పలేదు.” తమ్ముడి వైపు తిరిగింది. “ఆయన చెప్పమన్నది ఇది” అంది. “స్తంభం మీద కాకుల్ని తోలుకోమన్నారు. అదీ నీకు చెప్పలేదు. మీ ఇద్దరి కుళ్ళూ కడిగి కడిగి మంచిదాన్ననిపించుకున్నాను. ఆ మంచితనంతో ఇందాక నిన్ను చంపేదాన్నిరా. మీ మాటలు ఇంక నేను మొయ్యను. నోళ్ళున్నాయిగా మీకు, వాడుకోండి. లేకపోతే మూసుకోండి.”

అప్పుడు ఏడ్చింది. ఇద్దరూ ఆమెను ఊరుకోబెట్టడానికి చెరో వైపూ నిలబడ్డారు. ఇంజనీరు మొహంలో రంగు పోయింది. “నాకు... అంతదూరం పోతుందని...” అని ఆగిపోయాడు. తమ్ముడు తన ఖాళీ చేతులు చూసుకున్నాడు. అక్క ఏం చెప్పినా తొడుగులు వేసుకుని ఉండాల్సిందని వాడికి తెలుసు.

ఆ ఆదివారం తమ్ముడు చేంజోవర్ స్విచ్ తెచ్చాడు. అదేమంత బ్రహ్మవిద్య కాదు. మీట పైకెత్తితే లైను కరెంటు, కిందికి దించితే జనరేటర్ కరెంటు, రెండూ కలవడానికి దారే ఉండదు. మెయిన్ పక్కనే గోడకు బిగించాడు. ఇంజనీరు మెయిన్ మీటకు అడ్డంగా నిలబడి, ఎవరూ అడగకపోయినా స్క్రూడ్రైవరు పట్టుకున్నాడు. ఆమె మిషను ముందు కూర్చుని ఉంది.

ఇంటి లోపలికి వెళ్ళే వైరును స్విచ్‌కు కలపాల్సిన సమయం వచ్చింది. తమ్ముడు ఈసారి తొడుగులు వేసుకునే ఉన్నాడు. అయినా చెయ్యి ముందుకు పోలేదు.

“అక్కా, మెయిన్ దించాడో లేదో మీ ఆయన్ని అడుగు.”

ఆమె సూదిలోకి దారం ఎక్కిస్తోంది.

“మీ తమ్ముడికి చెప్పు...” అని మొదలుపెట్టి, ఆమె తల ఎత్తకపోవడం చూసి ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు.

గోడ మీద పిన్నిగారి తల పైకొచ్చింది.

“బావా” అన్నాడు తమ్ముడు చివరికి, గోడ వైపే చూస్తూ. “మెయిన్ దించావా?”

“దించాను.”

“చూపించు.”

ఇంజనీరు ఒకప్పుడైతే ఆ మాటకు చిందులు తొక్కేవాడు. ఇప్పుడు పక్కకు జరిగి మీట చూపించాడు. తమ్ముడు దాన్ని చూసి, తల ఊపి, వైరు అందుకున్నాడు.

మెయిన్ దించే ఉందని ఆమెకు ముందే తెలుసు. ఇందాకట్నుంచి కాలి కింద పెడల్ నొక్కుతూనే ఉంది, మోటారు పలకడం లేదు. తెలిసీ చెప్పలేదు. ఇప్పుడు చేత్తో చక్రం తిప్పుకుంటూ, సగంలో ఆగిన కాలరు కుట్టడం మొదలుపెట్టింది.